ప్రతులు: 500

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. కూరగాయలు కొనుక్కొచ్చాక ఇంట్లో మళ్లీ తూకం వేస్తాను. ఎవరైనా మరీ మర్యాదగా మాట్లాడితే వాళ్లకు నాతో ఏం పని పడిందా అని ఆలోచిస్తాను. కర్నూలులో ముప్పై రెండేళ్లు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఎవడు రాశాడు, ఎందుకు రాశాడు, రాయకుండా ఏం దాచాడు అని అడగడమే చరిత్ర కదా అని మా ఆవిడ రాజ్యలక్ష్మమ్మతో వాదిస్తుంటాను. చరిత్ర రాకముందే మీకు అనుమానం వచ్చిందని ఆమె అంటుంది.

2009 ఏప్రిల్లో కడపలోని ఒక ఎయిడెడ్ కాలేజీ కరస్పాండెంటు బాలసుబ్రహ్మణ్యం నాకు కబురు పెట్టింది కూడా ఈ గుణం చూసే. వాళ్ల కాలేజీలో చరిత్ర లెక్చరర్ పోస్టు ఒకటి ఖాళీ పడింది. ఆరేళ్లుగా అక్కడే గంటల లెక్కన పాఠాలు చెబుతున్న దిల్షాద్ అనే ఆమె ఇంటర్వ్యూలో మొదటి స్థానంలో వచ్చింది. అచ్చయిన పుస్తకం ఉన్నందుకు ఆమెకు ఐదు మార్కులు కలిశాయి. ధనుంజయ అనే అతను మూడు మార్కుల తేడాతో రెండో స్థానంలో ఆగిపోయాడు. ఇక ఆర్డరు చేతికివ్వడమే తరువాయి అనగా ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. 'అది పుస్తకమే కాదు. ఐదు వందల ప్రతులని వేసుకుంది. చూడబోతే పది కూడా లేవు. కమిటీ కళ్లలో దుమ్ము కొట్టింది' అని అందులో ఉంది.

"నాకు ఇద్దరూ ఒకటే సార్" అన్నాడు బాలసుబ్రహ్మణ్యం. "మీరు విచారించి ఏం రాస్తే అదే ఆఖరు. సక్రమంగా ఉండాదంటే ఆయమ్మకు ఆర్డరు ఇస్తా. మోసమంటే రెండో ఆయనకు ఇస్తా. ఈ నెలాఖరు దాటితే పోస్టే పోతాది. ఆయమ్మకు ఈసారి తప్పితే వయసు కూడా దాటిపోతాది."

ఆ ఉత్తరం రాసింది ధనుంజయ అయి ఉంటాడని నాకు అనుమానం. అయితే ఏం, రాసినవాడు దొంగ అయినంత మాత్రాన రాసింది అబద్ధం కానక్కర లేదు. ఆమె కమిటీకి ఇచ్చిన పుస్తకం ఒడిలో పెట్టుకుని కర్నూలు బస్సెక్కాను.

బేతంచెర్ల నాపరాళ్ల గనుల్లో పనిచేసేవాళ్ల చరిత్ర అది. రెండు వందల పది పేజీలు. రాసిన తీరు బాగానే ఉంది, అది నేను కాదనను. నాకు నచ్చనిది అచ్చు. మన ఊళ్లలో అచ్చయిన పుస్తకాన్ని నేను కళ్లు మూసుకుని గుర్తుపడతాను. పదహారు పేజీల ఫారం ఒకటన్నా వంకరగా కుట్టి ఉంటుంది, ఏదో ఒక పేజీలో సిరా పలచబడి ఉంటుంది, ఇంకో పేజీలో అలికినట్టుంటుంది. ఇందులో మొదటి అక్షరం ఎంత నల్లగా ఉందో చివరి అక్షరం అంత నల్లగా ఉంది. అంత శుభ్రంగా ఉన్నదాన్ని నేను నమ్మలేను. టైటిలు వెనక పేజీలో మాత్రం మనకు అలవాటైన వరుసే ఉంది. ప్రథమ ముద్రణ: నవంబరు 2008. ప్రతులు: 500. టైపుసెట్టింగ్: పీర్ బాషా, కర్నూలు. ముద్రణ: బెంగళూరులోని ఒక కంపెనీ.

బస్సెక్కేముందే కడపలో రెండు పుస్తకాల షాపులు, దిగాక కర్నూలులో మూడు తిరిగాను. ఆ పేరే వినలేదన్నారు. దాంతో బెంగళూరు కంపెనీకి ఫోన్ చేశాను. విచారణాధికారినని గొంతు కాస్త బరువు చేసి చెప్పాను. ఫోన్ ఎత్తిన అమ్మాయికి తెలుగు వచ్చు.

"మా దగ్గర స్టాకు ఉండదు సార్. ఫైలు మాత్రమే ఉంటుంది. ఎవరైనా కావాలంటే అప్పుడు వేసి పంపిస్తాం" అంది.

"ఒక్కరు అడిగినా?"

"ఒక్కరు అడిగితే ఒక్కటి వేస్తాం సార్."

ఒక్క కాపీ కోసం మిషన్ తిప్పే ప్రెస్సు ఉంటుందని నేను ఎన్నడూ వినలేదు. ఇంతవరకు ఎన్ని వేశారని అడిగాను. కాసేపు కంప్యూటరు నొక్కిన చప్పుడు వినిపించింది. తొమ్మిది అంది.

నా ఆనందం చెప్పలేను. ఐదు వందలెక్కడ, తొమ్మిదెక్కడ! ఆకాశరామన్న చెప్పింది అక్షరాలా నిజం. పదో కాపీ నా పేరున పంపమని చెప్పి డీడీ తీశాను. సాక్ష్యం నా చేతిలో ఉండటం మంచిది.

మర్నాడు పీర్ బాషా దగ్గరికి వెళ్లాను. కొండారెడ్డి బురుజు దగ్గర ఒక చిన్న గది, రెండు కంప్యూటర్లు. వాళ్ల నాయన ప్రెస్సును నేను బాగా ఎరుగుదును, నా పుస్తకం ఒకటి అక్కడే అచ్చయింది. ఆ కాలంలో సీసం అక్షరాలు ఒక్కొక్కటి ఏరి పేర్చేవాళ్లు. నన్ను చూడగానే బాషా కుర్చీ తుడిచి, టీ చెప్పాడు. ఈ మర్యాద నాకు అనుమానంగా తోచింది.

"ఏమప్పా బాషా, ఈ ఐదొందలు ఎవరు రాయమన్నారు?" అని నేరుగా అడిగాను.

"ఎవురూ రాయమనలేదు సార్. నేనే పెట్నా. ఆ లైను లేకుంటే పేజీ బోడిగా ఉంటాది."

"ఆమెకు చెప్పలేదా?"

"ఆయక్క లోపల పేజీలు ఏడుసార్లు దిద్దింది గానీ ఆ పేజీ చూడల్యా. అది ప్రెస్సోళ్ల పేజీ కదా సార్, ఎవురు చూస్తారు?"

"ఎన్ని కాపీలో తెలియకుండానే అంకె వేస్తావా?"

అతను నవ్వాడు. "తెలిసి యాపొద్దు వేసినాం సార్? మా నాయన కాలం నుంచి అంతే. ఐదొందలో వెయ్యో పడాల్సిందే. లేకుంటే పుస్తకానికి మర్యాద యాడ ఉంటాది?" గొంతు తగ్గించాడు. "మీ పుస్తకం మీద కూడా వెయ్యి అనే ఉండాది సార్. మా నాయన కొట్టింది రెండొందలు. ఆ ఫారాలు మడిచింది నేనే."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. వాళ్ల నాయన సొంతంగా వేసిన అంకె కాదది. "వెయ్యి అని వేయండి, గౌరవంగా ఉంటుంది" అని 1981లో నేనే చెప్పాను. ఆ పుస్తకం చూపించి ప్రమోషను తీసుకున్నాను. ఎన్ని అచ్చేశావని నన్ను ఏ కమిటీ అడగలేదు. సిగ్గేసింది, చాలా సిగ్గేసింది. నావి రెండొందలైనా కట్టలు కట్టి ఒకచోట ఉండేవి కదా అని నాకు నేనే సర్ది చెప్పుకోబోయాను. అంతవరకూ వచ్చాక ఇక ఆమె తప్పేమీ లేదని రాసి ముగిద్దామనుకుని లేచాను.

అప్పుడు బాషా ఒక మాట అన్నాడు. "ఇప్పుడు వేసేదాంట్లో ఆ లైను ఉండదులే సార్. గొడవ తెలిసినాక తీసేసి కొత్త ఫైలు పంపించినా."

మళ్లీ కూర్చున్నాను. "అచ్చయిన పుస్తకంలోంచి తీసేశావా?"

"ఈ పద్ధతిలో అంతే సార్. పాత ఫైలు తీసి కొత్తది పెట్టడమే. తరువాత అడిగినోళ్లకు కొత్తది పోతాది."

"ఇంకేమైనా మార్చావా?"

"ఆయక్క ఏదో ఒక పేజీ మార్చి పంపింది. పెట్నా. ఏం మారిందో చూడల్యా సార్, పని ఒత్తిడి."

చల్లారిన అనుమానం మళ్లీ భగ్గుమంది. ఇదేం పుస్తకం? ఇది పలక. పొద్దున ఒకటి రాసి, మధ్యాహ్నం తుడిచి, సాయంత్రం ఇంకొకటి రాసుకోవచ్చు. కమిటీకి చూపించింది ఒకటి, రేపు లోకానికి దొరికేది ఒకటి. ఇట్లాంటి పుస్తకాన్ని ఆధారం చేసుకుని ఇంకొకడు చరిత్ర రాస్తే వాడి గతేమిటి? ఉద్యోగం కోసం ఏ పేజీ సరిచేసిందో, ఎవరి వాక్యం ఎత్తుకొచ్చి తరువాత దాచేసిందో తేల్చకుండా వదలకూడదనుకున్నాను.

వారం తిరక్కముందే కొరియరులో పదో కాపీ వచ్చింది. వెనక పేజీలో ప్రతుల లైను లేదు, బాషా చెప్పింది నిజమే. నవంబరు 2008 అనేది మాత్రం అట్లాగే ఉంది. పాత రోజుల్లో ప్రూఫులు చూసినట్టే కూర్చున్నాం. రాజ్యలక్ష్మమ్మ కొత్త కాపీ పైకి చదువుతుంది, నేను పాత కాపీలో వేలు పెట్టి వెంట వెళ్తాను. కామాలు, ఫుల్‌స్టాపులతో సహా చదవమన్నాను. ఉద్యోగం నాదా, నీదా అని విసుక్కుంటూనే చదివింది. మొదటి రోజంతా ఒక్క తేడా దొరకలేదు. నాకు నిరాశగా కూడా అనిపించింది, దాచడమెందుకు.

రెండో రోజు చివరి అధ్యాయం దగ్గరికొచ్చాం. అక్కడ ఒక జాబితా ఉంది. గనుల దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి చనిపోయినవాళ్ల పేర్లు, ఊరు, పని, వయసు, పోయిన నెల. ఆమె ఒక్కో పేరూ నెమ్మదిగా చదువుతోంది. ఓబులేసు, నలభై తొమ్మిది. కంబన్న, యాభై ఒకటి. నలభై ఒకటో పేరు దగ్గర నా కాపీలో జాబితా అయిపోయింది. ఆమె ఆగలేదు.

"నలభై రెండు. హబీబ్, బేతంచెర్ల. సమ్మెట పని, ఇరవై తొమ్మిదేళ్లు. వయసు యాభై ఆరు. మార్చి 2009" అని చదివి, "పాపం" అంది.

"దొరికింది!" అన్నాను నేను.

నవంబరులో అచ్చయిన పుస్తకంలో మార్చిలో చనిపోయిన మనిషి! దొంగ శాసనాలను పట్టుకునేది ఇట్లాంటి తేడాలతోనే. వేసిన తేదీ ఒకటి, లోపల ఉన్న సంగతి దాని తరువాతిది. ఒక పేరు చేర్చగలిగిన మనిషి మిగతా నలభై ఒకటీ కల్పించి ఉండదని నమ్మకమేమిటి? పేర్లు ఎక్కువైతే పుస్తకానికి బరువు, బరువుకు మార్కులు. రిపోర్టు మనసులోనే రాసేసుకున్నాను. అయితే హబీబ్ అనేవాడు అసలు లేడని చెప్పేముందు ఒకసారి చూసి రావడం నా ధర్మం. రెండు కాపీలూ సంచిలో పెట్టుకుని బేతంచెర్ల బస్సెక్కాను.

ఎండ మాడ్చేస్తోంది. ఊరి మొదట్లోనే పాలిష్ చేసిన నాపరాళ్లు నిలువుగా ఆనించి పెట్టి ఉన్నాయి. ఒక యార్డులో రాళ్లు సర్దుతున్న ఆడమనిషిని పలకరించాను. నాగక్క అని అక్కడివాళ్లు పిలుస్తున్నారు. గనిలో పనిచేసిన హబీబ్ అనే ఆయన ఈ ఊళ్లో ఉన్నాడా అని అడిగాను.

"ఉన్న్యాడు సార్, ఇప్పుడు ల్యాడు. పోయిన నెల పోయినాడు" అని ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీరు ఆ పాప కాలేజీ నుంచి వచ్చినారా?"

"ఏ పాప?"

"దిల్షాదు. కడపలో పాఠాలు చెప్తాది కదా, హబీబన్న కూతురు. పొద్దున్నే వచ్చిండాది. ఎల్లుండి ఆయన నలభయ్యో దినం, ఫాతిహా చదివిస్తారు. ఆ పచ్చ తలుపు ఇల్లే సార్."

తిరిగి బస్సెక్కిపోదామా అనిపించింది. నిజం చెబుతున్నాను, కాళ్లు బస్టాండు వైపే లాగాయి. కానీ నాగక్క అప్పటికే అటు తిరిగి కేక వేసింది, తలుపు తెరుచుకుంది.

దిల్షాద్‌ను చూడటం అదే మొదటిసారి. సన్నటి మనిషి, కళ్లజోడు. నా పేరు చెప్పగానే పక్కకు జరిగి లోపలికి రమ్మంది. వాళ్లమ్మ మాబూబీ చెంబుతో నీళ్లు తెచ్చిచ్చి, గోడకానుకుని కూర్చుంది.

"మీరు ఎందుకు వచ్చినారో నాకు తెలుసు సార్. అడగండి" అంది దిల్షాద్.

నవంబరు పుస్తకంలోకి మార్చి మనిషి ఎట్లా వచ్చాడమ్మా అని గట్టిగా అడగాలని బస్సులో పదిసార్లు అనుకున్నాను. ఆ మాట ఆ తల్లి ముందు ఎట్లా అనగలను? రెండు కాపీలూ తీసి, ఆ పేజీల దగ్గర తెరిచి, ఆమె ముందు పెట్టాను.

ఆమె వాటి వైపు చూడనైనా చూడలేదు. "నేనే పెట్టినా సార్. మార్చినానని రాయండి. మార్చలేదని నేను చెప్పను."

"నాకు అర్థమయ్యేట్టు చెప్పమ్మా" అన్నాను.

"ఈ నలభై ఒక్క ఇండ్లకూ నన్ను తోడుకోని పోయింది మా నాయనే. నన్ను చూస్తే వాళ్లు మాట్లాడేటోళ్లు కాదు. గని ఓనరు మనిషేమో అని అనుమానం. నాయన గడపలో కూర్చుని దగ్గుతాంటే, ఆ దగ్గు విని నమ్మినారు. పుస్తకం వచ్చినాక ఆ లిస్టు నాతో చదివించుకున్న్యాడు. అంతా విని, కింద ఇంకా జాగా ఉండాదా బిడ్డా అని అడిగినాడు. నేను కోప్పడినా."

మాబూబీ తల వంచుకుంది.

"పోయినాక బాషన్నకు పేజీ పంపినా" అంది దిల్షాద్. "ఇంటర్వ్యూ, కమిటీ, ఏదీ గుర్తుకు రాలేదు సార్. ఐదొందలూ ఒకేసారి అచ్చేసి కట్టలు కట్టి పెట్టింటే మా నాయన పేరు యాడ పెట్టేదాన్ని?"

నేను రెండు రోజులు కామాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుని, ఒక మనిషి చావు కనబడగానే దొరికిందని అరిచినవాణ్ణి. నా మీద నాకు అసహ్యం వేసింది.

అయినా నా గుణం నన్ను వదల్లేదు. "ఇంకా చేర్చాల్సినవాళ్లు ఉన్నారా?" అని అడిగేశాను. అడిగాక గానీ ఏం అడిగానో తెలియలేదు.

ఆమెకు కోపం రాలేదు. "ఈ వీధిలోనే ఇద్దరు దగ్గుతాండారు సార్" అంది.

మర్నాడు పొద్దున రిపోర్టు రాశాను. ప్రతుల లైను టైపుసెట్టింగు చేసినవాడి అలవాటనీ, రచయిత్రికి తెలియదనీ, ఆ అలవాటు నా పుస్తకంలోనూ ఉందనీ, దానిమీద వెయ్యి అని వేయించి రెండు వందలు మాత్రమే అచ్చేయించింది నేనేననీ రాశాను. పాతికేళ్ల కిందటి నా ప్రమోషను సంగతి కూడా రాశాను. రాజ్యలక్ష్మమ్మ చదివి, ఇదంతా అవసరమా అని అడగబోయి ఊరుకుంది.

బాలసుబ్రహ్మణ్యం దాన్ని రెండుసార్లు చదివాడు. ధనుంజయ తరఫున ఎవరైనా కోర్టుకు పోతే ఈ ఆఖరి మాట నిలుస్తుందా సార్ అని అడిగాడు. నిలవకపోతే నన్ను పిలిపించమన్నాను. గడువుకు ఒకరోజు ముందు దిల్షాద్‌కు ఆర్డరు వెళ్లింది.

ఆ ఆఖరి మాట ఇది: 'కమిటీ చూసిన ప్రతికీ, ఇప్పుడు దొరికే ప్రతికీ ఒక పేరు తేడా ఉంది, రెండూ సరైనవే, మొదటిది అచ్చయ్యేనాటికి ఆయన బతికే ఉన్నాడు.'